సెంట్రల్ లైన్ ఉండగా డయాలసిస్‌కి మళ్ళీ ఇంకో గొట్టం ఎందుకు?

మీ అనుమానం ఇదీ: నాన్నగారికి ఐసీయూలో మెడ దగ్గర మందులెక్కించే మూడు దారుల సెంట్రల్ లైన్ ఉంది, డయాలసిస్‌కి వేరే గొట్టం వేయాలంటున్నారు, బిల్లు పెంచడానికేనా అని. కాదండీ. నేను పదకొండేళ్లుగా డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఉన్న లైన్‌తోనే సరిపెడదామని చూసి చేతులు కాల్చుకున్నవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న ఆసుపత్రిలో. వాంతులు, విరేచనాలతో కిడ్నీలు దెబ్బతిన్న రైతు, రక్తంలో పొటాషియం 7 దాటింది, ప్రాణం మీదికొచ్చే స్థాయి. రాత్రి ఒంటిగంట. డయాలసిస్ క్యాథెటర్ (అదే, డయాలసిస్ గొట్టం) స్టాకులో లేదు. ‘ఉన్నదానికే తగిలించి చూడవయ్యా’ అన్నారు డ్యూటీ డాక్టరు. తగిలించడానికి అడ్డేమీ లేదు, సెంట్రల్ లైనుకీ, డయాలసిస్ క్యాథెటర్‌కీ చివర ఒకే మర. అక్కడే మోసపోతాం. పంపు నిమిషానికి 150 మిల్లీలీటర్ల మీద పెట్టగానే రక్తం లాగే ట్యూబు టకటకా కొట్టుకుంది, ప్రెషర్ మైనస్ 250 దాటి అలారం మోగింది. 80కి తగ్గిస్తే అలారం ఆగింది గానీ, పావుగంటకి డయలైజర్‌లో, అంటే రక్తం కడిగే ఫిల్టర్‌లో, నల్లటి చారలు మొదలయ్యాయి. అరగంటకి మొత్తం గడ్డ కట్టింది. లోపలున్న దాదాపు 200 మిల్లీలీటర్ల రక్తం తిరిగి ఎక్కించడానికి లేక పారేశాం. తెల్లవారుజామున పక్క ఊరి నుంచి క్యాథెటర్ తెప్పించి తొడలో వేశాక గానీ డయాలసిస్ సాగలేదు.

మందులు ఎక్కించే లైను మామూలుగా 7 ఫ్రెంచ్, అంటే బయటి కొలతే 2.3 మిల్లీమీటర్లు. అంత సన్నటిదాంట్లో మూడు దారులు. డయాలసిస్‌ది 11.5 నుంచి 13.5 ఫ్రెంచ్, సుమారు 4 మిల్లీమీటర్లు, సాధారణంగా రెండే దారులు. దారి వెడల్పు సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకి పడిపోతుంది. మిషన్‌కేమో నిమిషానికి 200 నుంచి 300 మిల్లీలీటర్లు కావాలి. రోజంతా నెమ్మదిగా నడిపే సీఆర్ఆర్‌టీకి కూడా 100 నుంచి 200. సెలైన్ ఎక్కడం వేరు, చిక్కటి రక్తాన్ని లాగడం వేరు. గట్టిగా లాగితే ఎర్రకణాలు కూడా చితుకుతాయి.

ఇంకోటి, అప్పట్లో నాకు తట్టలేదు. డయాలసిస్ గొట్టంలో లాగే రంధ్రాలు వెనక ఉంటాయి, కడిగిన రక్తం వదిలేది కొసన. నేను లావుగా ఉంది కదా అని సెంట్రల్ లైన్ కొస దారిలోంచి లాగి, వెనక దారిలోకి వదిలాను. సిరలో రక్తం పారేది వెనక నుంచి కొస వైపుకి, అంటే కడిగిందాన్నే మళ్ళీ కడుగుతున్నానన్నమాట!

ఇప్పుడు క్యాథెటర్ వేయగానే 20 మిల్లీలీటర్ల సిరంజితో లాగి చూస్తాను. ఆరు సెకన్లలో తడబడకుండా నిండితే 200 వస్తుందని ధైర్యం.

మీరు డాక్టరుగారిని అడగాల్సింది ఎక్కడ వేస్తారని. కుడి మెడ అన్నిటికన్నా మేలు. అక్కడ ఇప్పటికే లైన్ ఉంటే ఎడమ మెడో, తొడో చూస్తారు. కాలర్ ఎముక కింద వేస్తామంటే మాత్రం, ముందుముందు ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరకి కలిపే ఆపరేషన్) అవసరం రావచ్చేమో ఒకసారి అడగండి. అక్కడి సిర ఇరుకైతే ఆ వైపు చెయ్యి ఫిస్టులాకి పనికిరాకుండా పోవచ్చు.

డయాలసిస్ గొట్టంలోంచి రక్తపరీక్షకి తీయడం, సెలైన్ పెట్టడం లాంటివి ఎవరైనా చేయబోతే డయాలసిస్ వాళ్లని పిలవమనండి. గడ్డ కట్టకుండా ఆ దారుల్లో హెపారిన్ నింపి మూస్తాం. దాన్ని ముందు తీసేయకుండా లోపలికి తోస్తే ఒంట్లో రక్తస్రావం కావచ్చు. కొన్ని క్యాథెటర్లకి మందుల కోసమే మూడో సన్న దారి ఉంటుంది, అదైతే ఫర్వాలేదు. మీవాళ్లు వేసేది అలాంటిదైతే పాత లైన్ తీసేయొచ్చేమో కూడా అడిగి చూడండి.