స్క్రీన్‌షాట్ చూసి కూడా ఏఐ ఏజెంట్ పక్కచోట ఎందుకు నొక్కుతుంది?

పలాస జీడిపప్పు షాపు బిల్లింగ్ తెరమీద ఏజెంట్ (తెర చిత్రం చూసి తనే క్లిక్ చేసే ఏఐ ప్రోగ్రామ్) 'సేవ్' వదిలి పక్కన నొక్కుతోంది, జీడిపప్పు గ్రేడ్లు తప్పు చదువుతోంది అని ఒకరు అన్నారు.

ముందు విండోస్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ (తెరమీద అక్షరాలు, బటన్లు ఎంత పెద్దగా కనపడాలో చెప్పే సెట్టింగ్) చూడండి. 125 శాతం ఉంటే చిత్రం 1920×1080 పిక్సెళ్లలో వస్తుంది, క్లిక్ చేసే ప్రోగ్రామ్ మాత్రం తెరను 1536×864గా లెక్కేసుకోవచ్చు. అలాంటప్పుడు చిత్రంలో 1000 దగ్గరున్న బటన్‌ని 800 దగ్గర నొక్కాలి. 1.25తో భాగించండి, లేదా స్కేలింగే 100కి మార్చేయండి. మోడల్‌కి, అంటే చిత్రం చూసి ఎక్కడ నొక్కాలో చెప్పే ఏఐకి, పంపేముందు చిత్రాన్ని కుదించి ఉంటే ఆ నిష్పత్తినీ లెక్కలో కలపాలి; ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ఇక చదవడం. మొత్తం తెర పంపితే చాలా మోడళ్లు దాన్ని చిన్నది చేసుకుంటాయి. వత్తులు, దశాంశ చుక్కలు ముందు పోతాయి. డబ్ల్యూ320 అనే గ్రేడు కాస్తా డబ్ల్యూ820 అయిపోవచ్చు. కావలసిన పట్టిక మటుకే కత్తిరించి, రెండింతలు పెంచి, పీఎన్‌జీగా పంపండి. జేపెగ్ వద్దు, అక్షరాల అంచులు అలికేస్తుంది.