హనోయ్‌లో గంట చూసుకుని తినండి

ఒరేయ్ కిట్టూ,

వియత్నాంలో హనోయ్‌కి టిక్కెట్లు తీశావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన జాబితా కూడా చూశాను. మూడు రోజుల్లో నలభై రెండు చోట్ల తింటావట్రా? మీ మావయ్య అది చదివి "వీడు తినడానికి వెళ్తున్నాడా, ఆడిట్‌కి వెళ్తున్నాడా" అని ఒకటే నవ్వు.

నాలుగేళ్లు ఆ ఊళ్ళో కాపురం చేసినదాన్ని, కాస్త విను. హనోయ్‌లో ఎక్కడ తినాలన్నది తర్వాతి సంగతి, ఎప్పుడు తినాలన్నది ముందు. ఓల్డ్ క్వార్టర్ అంటారు చూడు, పాతబస్తీ అనుకో, అక్కడ చాలా కొట్లు ఒక్కటంటే ఒక్కటే వంటకం చేస్తాయి. దానికో పూట ఉంటుంది. కుండ ఖాళీ అయిందా, స్టూళ్ళు లోపల పడేసి తలుపు దగ్గరికి వేసుకుంటారు. మధ్యాహ్నం అదే అరుగు మీద ఇంకెవరో ఇంకేదో అమ్ముతుంటారు. కాబట్టి ఆ నలభై రెండూ కొట్టేసి, పూటకొకటి చొప్పున రాసుకో.

పొద్దున్న ఫో, అంటే బియ్యపు నూడుల్స్ వేసిన చారు. వాళ్ళ గడియారం మనకన్నా గంటన్నర ముందు, అందుకని అక్కడ ఏడింటికి లేవడమంటే మీ ఒంటికి అయిదున్నరకి లేవడం. బద్ధకించకు. ఎముకలు రాత్రంతా మరిగిన చారు, అందులో అనాసపువ్వు, దాల్చినచెక్క, కాల్చిన అల్లం, కాల్చిన ఉల్లిపాయ. పొద్దున్న ఆ చారుకున్న వాసన తొమ్మిది దాటాక ఉండదని నా నమ్మకం. మీ మావయ్య ఒప్పుకోరనుకో. నిమ్మకాయ, మిరపకాయ, వెల్లుల్లి వేసిన వెనిగర్ బల్ల మీదే ఉంటాయి, కానీ ముందు ఏదీ కలపకుండా రెండు గుటకలు తాగు. మొలకలు, తియ్యటి సాస్ అడక్కు, అవి దక్షిణాదిన సైగాన్ వాళ్ళ అలవాటు. వేయించిన పిండి కడ్డీలు విడిగా ఇస్తారు, ముంచుకు తిను. పిలిచేటప్పుడు మనం "ఫో!" అని కసిరినట్టు అనకు. గొంతు కిందికి దించి, చివర సందేహంగా లేపాలి.

బోర్డు చదవడం నేర్చుకో. ఫో పక్కన బీ, ఓ అక్షరాలుండి ఓ నెత్తిన చిన్న గీత ఉంటే "బో", అంటే గొడ్డు మాంసం. జీ, ఏ ఉండి ఏ నెత్తిన అలాంటి గీతే ఉంటే "గా", కోడి. ఏది తిన్నావో నాకు చెప్పక్కర్లేదు, మీ నాన్నకి అసలే చెప్పక్కర్లేదు. జ్యూస్ కొట్టు మీద "సిన్ తో బ" లాంటిది కనిపిస్తే మాత్రం కంగారుపడకు, అది అవకాడో.

నీతో వచ్చే స్వాతి శాకాహారం కదా. ఆ అమ్మాయి ఆకలితో హోటల్ గదిలో బిస్కెట్లు నములుతూ కూర్చోకూడదు, అందుకని ఇది శ్రద్ధగా చదువు. "చై" అన్న మాట పట్టుకో. చాయ్ కాదు, చై. బోర్డు మీద సీ, హెచ్, ఏ, వై ఉంటుంది. బౌద్ధుల శాకాహారం అది. "తోయ్ ఆన్ చై" అంటే నేను శాకాహారిని అని. ఊరికే "మాంసం వద్దు" అంటే లాభం లేదు, ముక్కలు ఏరేసి అదే చారు పోస్తారు, పైగా చేపల పులుసు నీళ్ళు, అదే న్యుఅక్ మామ్, మన ఉప్పులాగా అన్నిట్లోనూ పడుతుంది. వాళ్ళ చాంద్రమాసంలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ, అంటే మన అమావాస్య, పౌర్ణమి చుట్టూ, చాలామంది మాంసం ముట్టరు. ఆ రోజుల్లో చై భోజనం ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. క్యాలెండర్ చూసుకో.

పొద్దున్నే స్వాతికి సోయ్ సేవ్ ఇప్పించు. జిగురు బియ్యాన్ని పసుపు వేసి ఆవిరి మీద వండుతారు. ఉడికించిన పెసరపప్పుని గట్టి ముద్ద చేసి, ఆ ముద్దని అమ్మేవాళ్ళు చేతిలో పట్టుకుని కత్తితో రేకులు రేకులుగా అన్నం మీదకి చెక్కుతారు. పైన వేయించిన సాంబారు ఉల్లిపాయలు. పులిహోరకీ పొంగలికీ పుట్టిన బిడ్డలా ఉంటుంది. చివర్లో ఒక చెంచా కొవ్వు పోస్తారు, సరిగ్గా అప్పుడు చెయ్యి అడ్డం పెట్టమను.

బాన్ కువాన్ వేసే కొట్టు కనిపిస్తే తినకపోయినా ఆగి చూడండి. మరుగుతున్న కుండ మూతికి బిగించిన గుడ్డ మీద పల్చటి బియ్యప్పిండి పోసి, మూతపెట్టి, వెదురు పుల్లతో ఆ తెరని ఎత్తుతారు. చూస్తుంటే నాకు ఆత్రేయపురంలో పూతరేకులు తీసే మా అత్తగారే గుర్తొచ్చేవారు. కుండ అదే, బియ్యప్పిండి అదే. మనది ఎండిన రేకు, వాళ్ళది తడి రేకు. లోపల పంది మాంసం కూరుతారు, స్వాతికైతే ఏమీ పెట్టకుండా అడగండి, ముంచుకునే నీళ్ళు కూడా వద్దనండి.

మధ్యాహ్నానికి బున్ చా. పదకొండున్నరకల్లా వెళ్ళు, రెండు దాటితే మిగలదు. బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం పచ్చి బొప్పాయి ముక్కలతో పాటు తియ్యపుల్లటి పులుసులో తేలుతూ వస్తుంది. పక్కన సన్నటి బియ్యపు సేమియా, ఒక బుట్టెడు ఆకులు. లే వాన్ హువు వీధిలో 2016 మేలో ఒబామా, టీవీలో ఊరూరా తిరిగి తినే షోలు చేసిన అమెరికా చెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ కలిసి కూర్చుని తిన్న హోటలుంది. ఆ బల్లని గిన్నెలతో సహా అద్దాల పెట్టెలో పెట్టారు. ఫొటో కావాలంటే తీసుకో, నన్నడిగితే ఏ సందులోంచి పొగ కళ్ళలో కొడితే ఆ సందులోకి తిరగమంటాను. స్టూళ్ళు మన పీటలంత ఎత్తే. మోకాళ్ళ నెప్పులున్న నేనే కూర్చున్నాను, నువ్వు ఏడవకు.

భోజనం అయ్యాక కాఫీ. న్గుయెన్ హువు హువాన్ వీధిలో 39వ నంబరు, కెఫే జాంగ్. సన్నటి దారి లోపలికి పోతుంది, దాటిపోతారు జాగ్రత్త. 1946లో పాలు దొరక్క, మెట్రోపోల్ హోటల్లో పనిచేసే జాంగ్ అనే ఆయన గుడ్డు పచ్చసొనని చక్కెరతో గిలక్కొట్టి కాఫీ మీద వేశాడు. కప్పుని వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి ఇస్తారు. నీచు వాసన రాదు, కాచిన మీగడలా ఉంటుంది. స్వాతి గుడ్డు కూడా తినకపోతే "నౌ దా" చెప్పు. చిక్కటి డికాషను, డబ్బాపాలు, ఐసు. అది ఫిల్టర్‌లోంచి బొట్టు బొట్టుగా దిగుతుంది, తొందరపెట్టకు. మన ఫిల్టర్ కాఫీకన్నా ఘాటు, సాయంత్రం ఆరు తర్వాత తాగితే నిద్ర మీద ఆశ వదులుకో.

మధ్యమధ్యలో పేవ్‌మెంట్ మీద చా దా, ఐసు వేసిన పల్చటి టీ. ఇక్కడో మాట. వాళ్ళ 20,000 డాంగ్‌ల నోటూ నీలమే, 500,000 నోటూ నీలమే. వెళ్ళిన కొత్తలో గ్లాసు టీకి 20,000 అనుకుని పెద్దదిచ్చి, చిల్లర కూడా అడక్కుండా దర్జాగా నడిచిపోయాను. వీధి మలుపు దాకా ఆ ముసలావిడ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చి నా చేతిలో నోటు కుక్కి, నా నుదుటి మీద వేలితో పొడిచింది. తిట్టిందో దీవించిందో ఇప్పటికీ తెలీదు. నువ్వు రెండు నోట్లూ వేర్వేరు జేబుల్లో పెట్టుకో. లెక్క కావాలంటే మూడు సున్నాలు తీసేసి మూడుతో హెచ్చించు, దానికి కొంచెం పైన మన రూపాయలు. కుళాయి నీళ్ళు తాగద్దు. ఐసు మధ్యలో గొట్టంలా చిల్లు ఉంటే ఫ్యాక్టరీది, భయం లేదు.

సాయంత్రం అయిదింటికి బియా హోయ్, అంటే పీపా బీరు. ఆ రోజు వచ్చిన పీపా ఆ రోజే ఖాళీ కావాలి, అంత తాజా, అంత పల్చన. బుడగలున్న పచ్చటి మందపాటి గ్లాసు ఇస్తారు. తా హియెన్ వీధి మూల దగ్గర కుర్రకారు గోల ఒకసారి చూసి వచ్చెయ్, తాగడం మాత్రం తెల్లజుట్టు వాళ్ళు కూర్చున్న చోట తాగు. వాళ్ళ బల్లల మీద తొక్కతో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఉంటాయి, అవి స్వాతికీ పనికొస్తాయి. బండి మాత్రం అద్దెకి తీసుకోకు. 2020 నుంచి అక్కడ చుక్క పడ్డా డ్రైవింగ్ నేరమే. రోడ్డు దాటేటప్పుడు ఆగకు, పరిగెత్తకు, ఒకే వేగంతో నడువు, బళ్ళే నీ చుట్టూ తిరిగి పోతాయి.

ఒక రాత్రి తప్పకుండా చా కా. ఆ వంటకం పేరే వీధికి పెట్టారు. పసుపు పట్టించిన చేప ముక్కలు బల్ల మీదే పెనంలో చిటచిటలాడుతుంటే, సోయకూర, ఉల్లికాడలు గుప్పిళ్ళతో వేస్తారు. మనం సోయకూరని పప్పులో చిటికెడు వేసి వాసన బాగుందనుకుంటాం, వాళ్ళు కూరలాగే తింటారు. పక్కన మామ్ తోమ్ ఉంటుంది, ఊదారంగు రొయ్యల ముద్ద. ఎండు రొయ్యల గోనె మూతి విప్పినంత కంపు. నిమ్మకాయ పిండి నురుగొచ్చేదాకా గిలక్కొట్టు, చేపముక్క అంచుతో తాకించు. నచ్చకపోతే న్యుఅక్ మామ్ ఇస్తారు. ఆ పూట స్వాతికి ముందే చై భోజనం పెట్టించేసి తీసుకెళ్ళు. అన్నంలోకి వెల్లుల్లితో వేయించిన రావ్ ముఅంగ్ అడుగు, అది మన తూటికూరే. చేపల నీళ్ళు వద్దని చెప్పడం మర్చిపోకు.

మీరు వెళ్ళేది అక్టోబరు కదా, కోమ్ కాలం. లేత వడ్లు దంచిన పచ్చటి మెత్తటి అటుకులు, తామరాకులో చుట్టి గడ్డిపరకతో కడతారు. ఇప్పటికీ ఆడవాళ్ళు కావిడి మోసుకుంటూ అమ్ముతుంటారు. చిటికెలు చిటికెలుగా, మగ్గిన అరటిపండుతో తినాలి. ఇంటికి తేవాలని చూడకు, ఎండిపోతుంది, నేను తెచ్చి ఏడ్చాను.

ఇంటికి తేవాల్సింది వేరే ఉంది. హాంగ్ డుఅంగ్ వీధిలో ఓ మై అమ్ముతారు, ఎండబెట్టిన పుల్లటి పళ్ళు, మన ఉసిరి ఒరుగుల వరసలో. అందులో సావ్ కాయది, అల్లం, ఉప్పు వేసినది రెండు పొట్లాలు పట్రా. తియ్యగా చేసినవీ ఉంటాయి, అవి నాకొద్దు. కొనేముందు రుచి చూడనిస్తారు, మొహమాటపడకు. మీ మావయ్యకి షుగరు, పొట్లాలు నా చేతికే ఇవ్వు.

అత్త