పాపకు పుట్టుకతోనే పొలుసుల చర్మం... రెండో బిడ్డకూ వస్తుందా?

ప్రశ్న: నేను విజయనగరంలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లెటూరు. మా అక్కను మా చిన్న మేనమామకే ఇచ్చి పెళ్లి చేశారు. వాళ్ల పాపకు ఇప్పుడు మూడేళ్లు. పుట్టినప్పుడు ఒళ్లంతా ప్లాస్టిక్ కాగితం చుట్టినట్లు మెరిసే పొర ఉండేది. అది రెండు మూడు వారాల్లో ఊడిపోయింది గానీ, తర్వాత మోచేతి, మోకాలి మడతలతో సహా ఒళ్లంతా గోధుమరంగు పెచ్చులు కట్టాయి. కింది కనురెప్పలు కొంచెం బయటికి తిరిగి ఉంటాయి. ఎండాకాలంలో చెమట పట్టదు, ఒళ్లు కాలిపోతుంది. ఊళ్లో కొందరు సర్పదోషమని, కొందరు కుష్టు అని అంటున్నారు. అంగన్‌వాడీలో తమ పిల్లల పక్కన కూర్చోబెట్టవద్దని మిగతా తల్లులు గొడవ చేస్తున్నారు. అక్కకు ఇప్పుడు ఎనిమిదో వారం. రెండో బిడ్డకూ ఇది వస్తుందా? మాకు జన్యు వ్యాధులు ఒక పాఠంలో, చర్మ వ్యాధులు మరో పాఠంలో ఉన్నాయి. చర్మం మీద కనిపించే వాటిలో ఏది వంశపారంపర్యం, ఏది అంటువ్యాధి అని ఎలా గుర్తుపట్టాలి?
– ఓ నర్సింగ్ విద్యార్థిని

సమాధానం: మీరు అడిగిన వాటిలో గడువు ఉన్నది ఒక్కదానికే, అది మీ అక్క గర్భానికి సంబంధించినది. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

పాపను చూడకుండా ఫలానా జబ్బని తేల్చి చెప్పడం సరికాదు గానీ, మీరిచ్చిన వివరాలు కేసు షీటు రాసినంత పద్ధతిగా ఉన్నాయి. పుట్టగానే మెరిసే పొర, అంటే కలోడియన్ పొర, ఆ తర్వాత మడతలను కూడా వదలకుండా ఒళ్లంతా పెద్ద పెద్ద పెచ్చులు, బయటికి తిరిగిన కనురెప్పలు, పట్టని చెమట, మేనరికం: ఇవన్నీ కలిసి ల్యామెల్లార్ ఇక్తియోసిస్ అనే జన్యు వ్యాధి వైపే చూపిస్తున్నాయి. ఇక్తియోసిస్‌లలో, అంటే ఒళ్లంతా పొలుసులు కట్టే చర్మ వ్యాధులలో, ఎక్కువగా కనిపించే రకం ఇది కాదు. ఫిలాగ్రిన్ అనే జన్యువులో లోపం వల్ల వచ్చే సాధారణ రకం పుట్టినప్పుడు కనిపించదు. కొన్ని నెలలు గడిచాక మొదలై, మోచేతి, మోకాలి మడతలను వదిలేస్తుంది, వానాకాలంలో బాగా తగ్గుతుంది. ఎక్స్ క్రోమోజోముతో వచ్చే మరో రకం దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. మీ పాప విషయంలో ఈ రెండూ పొసగవు. చర్మవ్యాధి నిపుణులు పాపను చూసి ఈ అంచనాను ఖాయం చేయాలి, లేదా సరిదిద్దాలి.

ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. ల్యామెల్లార్ రకం రెండు ప్రతులూ లోపమున్నవైతేనే వస్తుంది. ఇది ల్యామెల్లార్ రకమే అయితే, రెండో బిడ్డకు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, అంటే 25 శాతం. ఈ మాట చెప్పగానే చాలా కుటుంబాలు వేసుకునే లెక్క ఒకటుంది: నలుగురిలో ఒకరికి వస్తుంది, మొదటి బిడ్డకు వచ్చేసింది, కాబట్టి తర్వాతి ముగ్గురికీ భయం లేదని. ఇది పూర్తిగా తప్పు. నాలుగు చీటీల్లోంచి ఒకటి తీసి, దాన్ని మళ్లీ డబ్బాలో వేసి కలిపి, ఇంకోసారి తీస్తే ఎలా ఉంటుందో ప్రతి కాన్పూ అంతే. మొదటిసారి వచ్చిన చీటీకి రెండోసారి దానితో సంబంధం లేదు.

కడుపులోని బిడ్డకు వ్యాధి ఉందో లేదో పుట్టకముందే తెలుసుకోవచ్చు. అయితే పరీక్ష కడుపులోని బిడ్డతో కాక, పాపతో మొదలు కావాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. ల్యామెల్లార్ రకానికి ఎక్కువగా కారణమయ్యేది 14వ క్రోమోజోము మీద ఉండే టీజీఎం1 జన్యువు. కానీ ఇదే లక్షణాలు తెచ్చే జన్యువులు ఇంకా అనేకం ఉన్నాయి. వాటిలో మీ ఇంట్లో ఉన్న మార్పు ఏదో తెలియకుండా గర్భజలం తీసి పరీక్షకు పంపితే, వచ్చే నివేదికను నమ్మడానికి వీల్లేదు. కాబట్టి ఈ వారంలోనే పాప రక్తాన్ని, ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో తీయించి, జన్యు పరీక్షకు పంపే ఏర్పాటు చేయండి. నివేదిక రావడానికి సాధారణంగా నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. అందులో మార్పు దొరికాక, అదే మార్పు తల్లిలోనూ తండ్రిలోనూ ఒక్కొక్క ప్రతి ఉందని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాతే గర్భస్థ పరీక్ష. మాయ నుంచి చిన్న ముక్క తీసే పరీక్ష 11 వారాలు దాటాక చేస్తారు. అది చేతికి అందకపోతే 16వ వారం నుంచి గర్భజల పరీక్ష ఉంటుంది. ఇప్పుడు ఎనిమిదో వారం కాబట్టి సమయం సరిపోతుంది, కానీ వృథా చేసేంత లేదు.

టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారని ఊరుకోవద్దు. గుండె, వెన్నెముక, మెదడు నిర్మాణంలో లోపాలను చూపగల స్కాన్ ఈ రకం చర్మ లోపాన్ని నమ్మకంగా చూపలేదు. జన్యు సలహా కోసం హైదరాబాదులోని నిమ్స్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లడం మేలు. అంత దూరం వెంటనే కుదరకపోతే ముందు విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించి, వారి సిఫారసు తీసుకోండి. గర్భస్థ పరీక్షను, లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కింద నమోదైన కేంద్రాల్లోనే చేయించాలి. జన్యు వ్యాధి కోసం చేయించడం చట్టబద్ధమే, బిడ్డ ఆడా మగా అన్నది మాత్రం చెప్పరు, అడగకూడదు.

బిడ్డకు వ్యాధి ఉందని తేలితే ఏం చేయాలన్నది మీ అక్కా మావయ్యా నిర్ణయించుకోవలసిన విషయం. దాన్ని వాళ్లకే వదిలేయండి. వాళ్లకు తెలియాల్సింది ఒకటుంది: ఈ వ్యాధితో పుట్టిన పిల్లల తెలివితేటలకు లోటుండదు, మొదటి వారాలు గట్టెక్కితే అందరిలాగే పూర్తి ఆయుష్షు బతుకుతారు, అయితే చర్మ సంరక్షణ జీవితాంతం ఉంటుంది. గర్భం వద్దనుకుంటే 20 వారాల లోపు ఒక వైద్యుడి అభిప్రాయం చాలునని చట్టం చెబుతోంది. ఉంచుకుంటే, నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరిగేలా ఇప్పటినుంచే చూసుకోవాలి. కలోడియన్ పొరతో పుట్టిన బిడ్డ ఒంట్లోంచి నీరు వేగంగా ఆవిరైపోతుంది, క్రిములు సులువుగా చేరతాయి. తేమ ఉండే ఇంక్యుబేటర్‌లో ఉంచాలి తప్ప ఆ పొరను చేత్తో ఒలవకూడదు.

ఇప్పుడు దోషం ఎవరిదన్న సంగతి. సర్పదోషం గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. మామూలుగా ఇలాంటి బిడ్డ పుడితే నింద కోడలి మీద పడుతుంది. మీ ఇంట్లో అత్తింటివారూ పుట్టింటివారూ ఒక్కరే కాబట్టి ఆ సౌకర్యం కూడా లేదు. మీ అమ్మమ్మ, తాతయ్యలలో ఒకరి దగ్గర ఈ జన్యువు లోపమున్న ప్రతి ఒకటి ఉండి ఉంటుంది. రెండో ప్రతి బాగుండటంతో వాళ్లకు ఏ లక్షణమూ లేదు. అదే ప్రతి ఒకవైపు మీ అమ్మగారికి, ఆమె నుంచి మీ అక్కకు వచ్చింది, రెండోవైపు మీ మేనమామకు వచ్చింది. పాపలో ఆ రెండూ కలిశాయి. మేనరికం జబ్బును పుట్టించదు, దాగి ఉన్నదాన్ని ఒకచోట చేర్చే అవకాశం పెంచుతుంది. మేనరికపు పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారన్నది కూడా నిజమే. అందుకే ‘మా ఇంట్లో మూడు తరాలుగా చేస్తున్నాం, ఏమీ కాలేదు’ అనే వాదన వింటూంటాం, అది అబద్ధమూ కాదు, ధైర్యం చెప్పుకోవడానికి పనికివచ్చేదీ కాదు.

పాప సంరక్షణలో రోజువారీ పని ఒక్కటే: నానబెట్టడం, తేమను లోపల బంధించడం. గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, మెత్తబడిన పెచ్చులను మెత్తటి గుడ్డతో నెమ్మదిగా తుడవండి. శనగపిండి నలుగు పెట్టి రుద్దడం, రాయితో గీకడం, గంధకమో తుత్తమో కలిపిన పైపూతలు వాడటం మానేయాలి. తడి పూర్తిగా ఆరకముందే తెల్లటి పెట్రోలియం జెల్లీని ఒంటికంతా పట్టించాలి, రోజుకు రెండుసార్లు సరిపోకపోతే మూడు నాలుగుసార్లు పట్టించవచ్చు. ఖరీదైన క్రీములు లేవని మీ అక్క బాధపడనక్కర్లేదు, ఈ వ్యాధిలో డబ్బా ధర కంటే ఎన్నిసార్లు రాస్తున్నామన్నదే ముఖ్యం. పెచ్చులు ఊడగొట్టే సాలిసిలిక్ ఆమ్లం పూతలను మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవద్దు. ఇంత చిన్న పిల్లల్లో, ఇంత విస్తారమైన చర్మం మీద రాస్తే అది రక్తంలో చేరి విషంగా మారగలదు. జెల్లీ పీల్చిన బట్టలు నిప్పు తగిలితే భగ్గుమంటాయి కాబట్టి పొయ్యి దగ్గరికి, దీపాల దగ్గరికి, ముఖ్యంగా భోగి మంట దగ్గరికి పాపను వెళ్లనివ్వకండి.

చెమట రంధ్రాలు మూసుకుపోయి ఉండటం వల్ల ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ ప్రమాదం ఈ పిల్లలకు మిగతావారికంటే చాలా ఎక్కువ. ఒళ్లు కాలుతుంటే జ్వరమనుకుని పారాసిటమాల్ వేయడం వల్ల ప్రయోజనం ఉండదు. తడి చొక్కా తొడిగి ఫ్యాను కింద కూర్చోబెట్టండి. అంగన్‌వాడీకి పంపేటప్పుడు నీళ్ల సీసాతో పాటు ఒక తడి తువ్వాలు ఇచ్చి పంపండి. పాప మందకొడిగా మారినా, వాంతులైనా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కనురెప్పలు పూర్తిగా మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది కాబట్టి కంటి వైద్యునికి ఒకసారి తప్పక చూపించండి. చెవుల్లో పెచ్చులు పేరుకుని వినికిడి తగ్గుతుంది, దాన్ని మాటలు ఆలస్యమని పొరపడుతుంటారు. రక్తంలో విటమిన్ డి ఎంత ఉందో కూడా చూపించుకోవాలి. మాత్రలుగా ఇచ్చే రెటినాయిడ్ మందులు ఉన్నాయి గానీ, అవి కడుపులోని బిడ్డకు హాని చేయగలవు కాబట్టి ఆడపిల్లలకు వాటిని మొదలుపెట్టేటప్పుడు భవిష్యత్తులో గర్భధారణ గురించి కూడా ఆలోచించాలి, ఆ నిర్ణయం నిపుణులదే.

అంగన్‌వాడీ గొడవకు మీ చదువు అక్కరకు వస్తుంది. కుష్టు సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు, పుట్టుకతో రాదు. ఆ క్రిమి ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సగటున అయిదేళ్లు పడుతుంది. ఆ జబ్బులో పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది. దూదిపోగుతో పాప చర్మాన్ని తాకితే కళ్లు మూసుకుని కూడా ఎక్కడ తాకారో చూపిస్తుంది. కార్యకర్త ఎదుటే, ఆ తల్లుల ఎదుటే అది చేసి చూపించండి. కుష్టు అయినా సరే, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు సోకదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా మందిస్తారు, రకాన్ని బట్టి ఆరు లేక పన్నెండు నెలల్లో నయమవుతుంది. జబ్బు పేరు చెప్పి వెలివేయడానికి కుష్టు విషయంలోనూ కారణం లేదని వాళ్లకు తెలియాలి. అంగన్‌వాడీలకు వచ్చే జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం చేత పాపను చూపించి, ఇది అంటువ్యాధి కాదని రాయించుకుంటే వాదన అక్కడితో ముగుస్తుంది.

ఇక మీ పాఠాల సంగతి. వంశపారంపర్యమంటే ఇంట్లో ఇంకొకరికి ఉండాలన్న నమ్మకమే విద్యార్థులను ఎక్కువగా తప్పుదోవ పట్టిస్తుంది. మీ పాపకు ముందు మీ ఇంట్లో ఎవరికీ లేదు, అయినా ఇది నూటికి నూరు పాళ్లు జన్యు వ్యాధే. పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు, యుక్తవయసు రాకముందు అయిదు మిల్లీమీటర్లు దాటినవి ఆరో అంతకంటే ఎక్కువో ఉంటే న్యూరోఫైబ్రోమాటోసిస్, అంటే నరాల వెంట గడ్డలు పెరిగే జబ్బు, అనుమానించాలి. అది లోపమున్న ఒక్క ప్రతితోనే వచ్చే వ్యాధి అయినా, దాదాపు సగం మందిలో తల్లిదండ్రులకు లేకుండా కొత్తగా పుడుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ గజ్జి. ఇంటిల్లిపాదికీ ఉంటుంది, తాతకూ మనవడికీ ఉంటుంది, వంశంలోనే ఉందంటారు. రాత్రిపూట పెరిగే దురద, వేళ్ల సందుల్లో పొక్కులు చూస్తే అది పురుగు వల్ల వచ్చిందని తెలిసిపోతుంది, అందరికీ ఒకే రోజు పెర్మెత్రిన్ రాస్తే పోతుంది. బొల్లి, సోరియాసిస్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటాయి. కుటుంబంలో మొగ్గు ఉంటుంది కానీ ఒక జన్యువుతో తేలే లెక్క కాదు, అంటుకోవడం మాత్రం అసలే లేదు. మరొకటి, మన జిల్లాల్లో పనిచేయబోయేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను: సీతంపేట, గుమ్మలక్ష్మీపురం గిరిజన ప్రాంతాల నుంచి వచ్చిన యువకుడికి చీలమండ దగ్గర మానని పుండు ఉంటే, కట్టు కట్టి పంపే ముందు సికిల్ సెల్ పరీక్ష చేయించండి. పుండు చర్మం మీదే ఉన్నా, దాని మూలం రక్తంలోని హిమోగ్లోబిన్ జన్యువులో ఉంటుంది. అదీ మీ పాప వ్యాధిలాగే రెండు ప్రతులు కలిస్తేనే వచ్చేది. ఏ చర్మ వ్యాధి వచ్చినా, ఎప్పుడు మొదలైంది, తల్లిదండ్రులకు చుట్టరికం ఉందా అని అడిగి, మూడు తరాల వంశవృక్షాన్ని కాగితం మీద గీయడం అలవాటు చేసుకోండి. చర్మాన్ని చూసేది ఆ తర్వాతే.

మీరు అడగకపోయినా మీ గురించి కూడా చెప్పాలి. మీ అక్కలో ఉన్న మార్పు మీ అమ్మగారి నుంచే వచ్చి ఉంటుంది కాబట్టి, మీలోనూ ఉండే అవకాశం సగం. దానివల్ల మీ ఆరోగ్యానికి ఏమీ కాదు. బయటి సంబంధం చేసుకుంటే, ఈ వ్యాధి వాహకులు, అంటే లోపమున్న ప్రతి ఒకటే ఉండి జబ్బు లేనివారు, జనాభాలో చాలా అరుదు కాబట్టి మీ పిల్లలకు ముప్పు దాదాపు లేనట్లే. ఇంకో మేనమామ కొడుకునే చేసుకుంటే మాత్రం పరీక్షలేవీ చేయకముందు లెక్క 32లో ఒకటి అవుతుంది. మేనత్త కొడుకైతే ఈ మార్పు ఆ వైపు నుంచి రాదు గానీ, మరో మార్పు ఏదైనా ఉంటే ఉండవచ్చు. పాప నివేదిక వచ్చాక మీరు చేయించుకోవలసింది ఒక చిన్న రక్త పరీక్ష మాత్రమే. మీ ఇంట్లో సంబంధాల మాట మొదలుకాకముందే అది చేయించుకోండి.