కొత్త ఊళ్లో రన్నింగ్ క్లబ్‌లో చేరితే నిజంగా మనుషులు పరిచయమవుతారా?

ఇంగ్లండ్ వచ్చి ఏడు నెలలైందని, ఆఫీసులో తప్ప పలకరించే మనిషి లేడని, పరుగంటే పెద్ద ఇష్టం లేకపోయినా రన్నింగ్ క్లబ్‌లో చేరితే స్నేహితులు దొరుకుతారా అని అడిగారు. పరిగెత్తడానికి వెళ్తే దొరకరు, పని చెయ్యడానికి వెళ్తే దొరుకుతారు. ఆరేళ్ల శనివారాలు ధారపోసి తెలుసుకున్న సంగతి ఇది, ఎవరు వచ్చి కాదన్నా ఒప్పుకోను.

నేనూ మొదట క్లబ్‌లోనే చేరాను. ఏడాది చందా కట్టి మంగళవారం సాయంత్రాలు వెళ్లేవాణ్ణి. మనుషులు మంచివాళ్లే, ఒక్క మాట అనను. కానీ అక్కడ వేగాన్ని బట్టి గుంపులు చేస్తారు, అందరికన్నా నెమ్మది గుంపులో కూడా ఆఖరివాణ్ణి నేను, ఆయాసపడేవాడికి కబుర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి? పోనీ ఆగినప్పుడు మాట్లాడదామా అంటే బూట్లు, మోకాళ్లు, పీబీలు. పీబీ అంటే ఇప్పటిదాకా పరిగెత్తినవాటిలో మన బెస్ట్ టైము. వాచీ చార్జింగ్ అయిపోయి పరుగు దాన్లో నమోదు కాకపోతే అసలు పరిగెత్తనే లేదన్నట్టు మొహం వేలాడేసుకునే పెద్దమనుషుల్ని నా కళ్లతో చూశాను. మూడు నెలల తర్వాత లెక్క చూసుకుంటే నా పేరు సరిగ్గా పలకడం వచ్చినవాళ్లు ఇద్దరే.

తర్వాత పార్క్‌రన్‌కి వెళ్లడం మొదలెట్టా. మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది, శనివారం పొద్దున తొమ్మిదింటికి ఐదు కిలోమీటర్లు, పైసా కట్టక్కర్లేదు. మొత్తం నడిచినా ఎవరూ ఏమనరు, ఎందుకంటే అందరికన్నా వెనక నడవడమే పనిగా ఒక వాలంటీర్ ఉంటారు, వాళ్లుండగా మీరు ఆఖరివారు కావడం కుదరదు. ఇంత మంచి చోట కూడా నేను దాదాపు ఏడాది పాటు వెళ్లడం, పరిగెత్తడం, కారెక్కి ఇంటికి రావడం, ఇంతే చేశాను. ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడింది లేదు.

అలా ఉండగా చీలమండ బెణికింది. ఆరు వారాలు పరుగు మాట ఎత్తొద్దన్నారు. శనివారం ఇంట్లో ఉంటే గరాజ్ సర్దాల్సి వస్తుంది కాబట్టి వాలంటీరుగా పేరిచ్చాను. టోకెన్లు ఇచ్చే పని పడింది.

ఫిబ్రవరి నెల, రెండు డిగ్రీలు, పైన సన్నటి తుంపర. పరుగు ముగిసే గీత దాటినవాళ్లు తాళ్లు కట్టిన సందులోకి వస్తారు, గుళ్లో క్యూ లైను లాగే. వచ్చిన వరసలోనే ఒక్కొక్కరి చేతిలో నంబరున్న ప్లాస్టిక్ టోకెన్ పెట్టాలి, అంతే. గీత దగ్గర ఒకరు టైము నొక్కుతారు, ఇంకాస్త అవతల ఒకరు ఆ టోకెన్‌నీ, పేరు నమోదు చేసుకున్నప్పుడు ఆ మనిషికి ఇచ్చిన బార్‌కోడ్‌నీ స్కాన్ చేస్తారు, ఈ రెండూ జతపడితే ఎవరు ఎంతలో వచ్చారో తేలుతుంది. ఇందులో ఏముందిలే అనుకున్నా. మొదటి పదిమందికి నిజంగానే ఏమీ లేదు. తర్వాత సినిమా వదిలినట్టు జనం వచ్చి పడ్డారు. నా చేతులకేమో ఉన్ని గ్లౌజులు, టోకెన్లేమో తడిసి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. కాసేపటికి టైము చూసే కుర్రాడు 'ఇక్కడ 120 అయ్యాయి, నీ దగ్గర?' అని కేకేశాడు. చేతిలో 121 ఉండాలి. ఉన్నది 122.

నా పై ప్రాణం పైనే పోయింది. ఎక్కడో ఎవరికో రెండు వెళ్లిపోయాయి, అంటే ఆ మనిషి తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరి టైమూ తప్పే. వాచీ భక్తులు నన్ను బతకనిస్తారా? ఆ రోజు అంతా చూసుకునే రన్ డైరెక్టర్ ఒక పెద్దావిడ, ఉత్తరాలు బట్వాడా చేసి రిటైరైన మనిషి. వచ్చి, తడి కాగితం మీద '120 దగ్గర ఒకటి ఎక్కువ' అని రాసుకుని, 'ఏం కొంప మునగలేదు, ముందు చేతిలోవి ఇవ్వు, జనం వస్తున్నారు' అన్నారు. నిజానికి ఆవిడ ఇంగ్లీషులో ఏదో అన్నారు, నాకు వినిపించింది మాత్రం మా మేనత్త గొంతే.

అంతా అయ్యాక పక్కనున్న కెఫేలో టోకెన్లన్నీ టేబుల్ మీద పోశారు. వాటిని మళ్లీ వరసలో పెట్టాలి, వచ్చే వారానికి. చిన్నప్పటి నుంచి సంక్రాంతికి బాబాయిలతో రమ్మీ ఆడిన చేతులు నావి, చకచకా సర్దేస్తుంటే ఆవిడ ముచ్చటపడి ఇంకో గుప్పెడు నా వైపు తోశారు. 61, 62, 63, 65. దొరికింది! '64 లేదు' అని నేను కాస్త గట్టిగానే అన్నట్టున్నా, పక్క టేబుల్ దగ్గర శాండ్‌విచ్ తింటున్న ఒకాయన జేబు తడుముకుని 'ఇదేనా?' అని తీశాడు. కెఫే అంతా ఒకటే నవ్వు. ఆవిడ లాప్‌టాప్‌లో ఆ ఒక్క నంబరు సరిచేస్తే తర్వాతి టైములన్నీ వాటి చోటికి జరిగిపోయాయి. నేను ప్రళయం అనుకున్నది ఐదు నిమిషాల పని.

ఆ రోజు నుంచి నా పేరు నోరు తిరగని వాళ్లందరికీ నేను 'సిక్స్‌టీ ఫోర్'. ఆవిడ మాత్రం జీవితమంతా కవర్ల మీద పేర్లు చదివిన మనిషి కదా, నా పేరు రెండుసార్లు పలికించుకుని, మన ఇంటిపేరు ముందెందుకు వస్తుందో కూడా అడిగి, పట్టేశారు. చీలమండ నయమైనా నెలకి ఒకటి రెండుసార్లు టోకెన్ల పని నేనే అడిగి తీసుకుంటున్నా. కారు మొరాయించినప్పుడు నన్ను ఆస్పత్రి అపాయింట్‌మెంట్‌కి దింపింది ఆ టేబుల్ వాళ్లే, క్లబ్‌లో పీబీల వాళ్లు కాదు.

అసలు పార్క్‌రన్ పుట్టిందే ఇలా. 2004 అక్టోబర్ 2న లండన్‌లోని బుషీ పార్క్‌లో 13 మంది పరిగెత్తారు. మొదలెట్టిన పాల్ సింటన్-హ్యూయిట్ ఆ పదమూడు మందిలో లేడు. దెబ్బ తగిలి పరిగెత్తలేని స్థితిలో, నేస్తాలకి దూరమవడం ఇష్టం లేక, వాళ్లని పరిగెత్తించి తను టైము చూశాడు. ఆ రోజుల్లో టోకెన్లంటే హార్డ్‌వేర్ షాపులో కొన్న వాషర్లట. వాషర్లయితే నాకు ఆ గొడవ ఉండేది కాదు. బుషీ పార్క్‌కి నేనూ ఒకసారి వెళ్లా, ఇప్పుడక్కడ వెయ్యిమందికి పైగా వస్తారు, జింకలు కూడా పట్టించుకోనంత అలవాటైపోయింది. అంతమందిలో నాతో ఒక్కరూ మాట్లాడలేదు. పరిగెత్తడానికి వెళ్లా కదా మరి.

2024లో పార్క్‌రన్ వాళ్లు కోర్సు రికార్డుల్లాంటివి, అంటే ఏ చోట ఎవరిది అందరికన్నా బెస్ట్ టైమో చెప్పేవి, వెబ్‌సైట్ నుంచి తీసేస్తే చాలామంది గోల పెట్టారు. నన్నడిగితే మంచి పని చేశారు.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే, ఉన్నాయి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ రోజు తెల్లారకముందే ఫ్లైఓవర్ల మీద నీళ్లూ ఉప్పూ పట్టుకుని నిలబడే పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. మా నాన్న అయితే ఇరవై ఏళ్లుగా వాకర్స్ అసోసియేషన్ మెంబరు. కాలేజీ గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు, తర్వాత బెంచీ మీద గంట రాజకీయాలు. వాళ్ల స్నేహం చూస్తే నాకు అసూయే. చిక్కల్లా అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, శాలువాలు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దదని అలకలు. ఇక్కడి మన తెలుగువాళ్ల ఉగాది సభలూ అంతే, నాలుగింటికని పిలిచి ఆరింటికి మొదలెడతారు, ముందు వరస కుర్చీలు ఖాళీగా ఉంచి పిల్లల్ని వెనక నిలబెడతారు. అక్కడ కుర్చీలు మడిచే పనికి వెళ్లండి, అక్కడా స్నేహితులు దొరుకుతారు, కానీ శాలువా కప్పించుకునేవాళ్లలో కాదు.

మీరు అడిగింది క్లబ్ గురించి, నేను ఎక్కడికో వెళ్లిపోయా. చేరితే చేరండి, నష్టం లేదు. దానికన్నా ముందు మీ దగ్గర్లోని పార్క్‌రన్‌కి ఈమెయిల్ పెట్టి వచ్చే శనివారం ఏ పనైనా ఇమ్మని అడగండి, మనుషులు చాలక వాళ్లెప్పుడూ వెతుకుతూనే ఉంటారు. మలుపు దగ్గర నిలబడి దారి చూపించే పని ఇస్తే వద్దనకండి గానీ, వీలైతే టోకెన్లు సర్దే పని అడగండి, అది కెఫేలో వెచ్చగా కూర్చుని చేసేది. టోకెన్లు ఇచ్చే పనే పడితే మాత్రం ఉన్ని గ్లౌజులు వద్దు, వేళ్ల కొసలు లేనివి దొరుకుతాయి, అవి కొనుక్కోండి.