స్ప్రెడ్‌షీట్ కాంపోనెంట్ ఎంచుకునేటప్పుడు ముందు ఏం చూడాలి?

వెబ్ అప్లికేషన్‌లో ఎక్సెల్ లాంటి స్క్రీన్ పెట్టాలి, కాంపోనెంట్‌లో (అప్లికేషన్‌లో అమర్చుకునే రెడీమేడ్ భాగంలో) ఏ ఫీచర్లు చూసుకోవాలి, మామూలు డేటా గ్రిడ్ (డేటాను వరుసలుగా చూపే పట్టిక) సరిపోదా అని అడిగారు. బడ్జెట్ తయారుచేసే అప్లికేషన్ కోసం మా టీమ్ ఈ పనే చేసింది. ఒకసారి తప్పు కాంపోనెంట్ తీసుకుని, మళ్లీ మార్చాం కూడా.

గ్రిడ్ సంగతి ముందు చెప్తాను. మీ యూజర్లు వరుసలు చూసుకుని, ఫిల్టర్ చేసి, ఒకటో రెండో సెల్స్ మార్చేవాళ్లయితే గ్రిడ్ చాలు. ఫార్ములాలు వాళ్లే రాసుకుంటారన్నా, తమ దగ్గరున్న ఎక్సెల్ ఫైలునే తెచ్చి తెరుస్తారన్నా స్ప్రెడ్‌షీటే కావాలి. గ్రిడ్ మీద ఫార్ములాలు మనమే అతికించుకుందాం అనుకోకండి. మేం అలా మొదలుపెట్టి రెండు నెలలు పోగొట్టుకున్నాం.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఫైలు తెరిచి సేవ్ చేస్తే ఏం మిగులుతుందన్నది. మేం మొదట తీసుకున్న కాంపోనెంట్ డెమోలో అద్భుతంగా ఉంది. వాడకంలోకి వచ్చిన మూడో వారం, ఫైనాన్స్ వాళ్లు ఒక ఫైలు అప్‌లోడ్ చేసి, ఒక్క సెల్ మార్చి, డౌన్‌లోడ్ చేసుకున్నారు. డ్రాప్‌డౌన్ లిస్టులు లేవు, కండిషనల్ ఫార్మాటింగ్ (విలువను బట్టి సెల్ రంగు మారడం లాంటిది) సగం పోయింది. వాళ్లు ఏళ్ల తరబడి పెంచుకున్న ఫైలు అది. ఆ రోజు వాళ్లకు సమాధానం చెప్పుకోలేకపోయాం.

కారణం ఇది. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలంటే జిప్ చేసిన ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ల మూట. కాంపోనెంట్ అందులో తనకు అర్థమైనదాన్నే మెమరీలోకి తీసుకుంటుంది, సేవ్ చేసేటప్పుడు ఆ మెమరీలో ఉన్నదే తిరిగి రాస్తుంది. అర్థం కానిది చడీచప్పుడూ లేకుండా పోతుంది. అందుకే మీ యూజర్ల దగ్గరున్న అన్నిటికన్నా గజిబిజి ఫైలు అడిగి తెచ్చుకోండి. తెరిచి, ఒక సెల్ మార్చి, సేవ్ చేసి, ఎక్సెల్‌లో తెరవండి. పాత ఫైలూ కొత్త ఫైలూ రెండూ అన్‌జిప్ చేసి పోల్చండి. నేమ్డ్ రేంజ్‌లు (పేరు పెట్టిన సెల్స్ గుంపులు), డేటా వ్యాలిడేషన్ (సెల్‌లో ఏం రాయవచ్చో పెట్టే హద్దులు), ప్రింట్ ఏరియా, కామెంట్లు, పివట్ టేబుళ్లు (డేటాను గుంపులుగా కూడి చూపే పట్టికలు) ముఖ్యంగా చూడండి. పివట్ చూపించలేకపోయినా పర్వాలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

తర్వాతది లెక్కలు. నాలుగు వందల ఫంక్షన్లున్నాయి అన్న ప్రకటన చూసి తృప్తిపడకండి, అవి ఎక్సెల్ ఇచ్చే జవాబే ఇస్తున్నాయా చూడండి. ఎక్సెల్‌లో =-2^2 అని రాస్తే 4 వస్తుంది, చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో -4. ఎక్సెల్ రౌండ్ ఫంక్షన్ 2.5ను 3 చేస్తుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్‌లో మ్యాథ్ రౌండ్ మామూలుగా 2 ఇస్తుంది. -2.5ను ఎక్సెల్ -3 చేస్తే జావాస్క్రిప్ట్ -2 అంటుంది. మా అప్లికేషన్‌లో స్క్రీన్ మీది మొత్తానికీ రిపోర్టులోని మొత్తానికీ చివరి అంకె కలవలేదు. తప్పు కాంపోనెంట్‌ది కాదు, అవే లెక్కలు మేం సర్వర్‌లో విడిగా రాసుకోవడం వల్ల వచ్చింది. రెండోసారి స్క్రీన్ లేకుండా సర్వర్‌లో కూడా నడిచే లెక్కల ఇంజిన్ ఉన్నదాన్నే తీసుకున్నాం. మీకూ అదే సలహా.

తేదీల్లో ఒక్క చిక్కు: పాత మ్యాక్ ఫైళ్లు కొన్ని తేదీలను 1904 నుంచి లెక్కపెడతాయి. ఆ సెట్టింగ్‌ను పట్టించుకోని కాంపోనెంట్‌లో ప్రతి తేదీ 1,462 రోజులు పక్కకు జరుగుతుంది.

వేగం గురించి. ఎక్సెల్ షీటుకు 10,48,576 వరుసలు. అన్ని వరుసల్లో స్క్రోల్ చేసి చూపించే డెమోకు పడిపోకండి, కనిపించే కాసిని వరుసలే గీస్తారు కాబట్టి అది పెద్ద కష్టం కాదు. ఒక సెల్ మారినప్పుడు ఎన్ని సెల్స్ మళ్లీ లెక్కకట్టుకుంటాయన్నది కష్టమైన భాగం. మంచి ఇంజిన్ ఏది దేని మీద ఆధారపడిందో గుర్తుపెట్టుకుని అంతవరకే లెక్కిస్తుంది. ఇన్‌డైరెక్ట్, ఆఫ్‌సెట్, నౌ లాంటి ఎక్సెల్ ఫంక్షన్లు మాత్రం ఏది మారినా మళ్లీ నడుస్తాయి. మా ఫైలులో ఇన్‌డైరెక్ట్ ఉన్న సెల్స్ మూడు వేలకు పైనే. ఒక్కో అంకె కొట్టి ఆగాల్సి వచ్చేది. చివరికి ఫార్ములాలను, అలా ప్రతిసారీ నడవని ఇండెక్స్ ఫంక్షన్‌తో తిరగరాయించాం.

పేస్ట్ చేయడం కూడా పరీక్షించండి. ఎక్సెల్‌లో రెండు దశాంశాలకు కుదించి చూపిస్తున్న సంఖ్యను కాపీ చేస్తే టెక్స్ట్‌గా వచ్చేది ఆ కనిపించే రూపమే, మిగతా అంకెలు రావు. ఇక టైప్ చేసిందాన్ని దానంతటదే తేదీగా మార్చేసే అలవాటు ఉంది చూడండి, దాన్ని కాలమ్ వారీగా ఆపే వీలుండాలి. మానవ జన్యువుల పేర్లు ఖరారు చేసే హెచ్‌జీఎన్‌సీ అనే కమిటీ మార్చ్1 అన్న జన్యువు పేరును మార్చ్‌ఎఫ్1గా మార్చుకుంది, 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ సంగతి చెప్పింది కూడా. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకోవడమే కారణం.

ఇంకొకటి: సెల్ మీద క్లిక్ చేసి నేరుగా తెలుగులో టైప్ చేసి చూడండి. మేం చూసిన ఒక కాంపోనెంట్‌లో మొదటి అక్షరం ప్రతిసారీ పోయేది.