కొండలూ కోనలూ తీస్తానంటున్న అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. నిమ్మతోట మీదే ఆధారం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులకు లోటు లేదు. రెండేళ్లుగా ఫోనుతో సోమశిల నీళ్లు, పెంచలకోన జలపాతం, ఉదయగిరి కొండ ఫొటోలు తీస్తోంది. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దంటోంది. ప్రకృతి దృశ్యాల ఫొటోగ్రాఫర్ అవుతానని, లక్షన్నర పెట్టి కెమెరా కొనిపెట్టమని పట్టుబట్టింది. పెళ్లిళ్లు తీసేవాళ్లకైతే బతుకుతెరువు ఉంటుంది. కొండలూ నీళ్లూ తీస్తే డబ్బు ఎవరిస్తారు? ఆడపిల్లను తెల్లవారకముందే అక్కడికి ఎలా పంపడం? తను తీసిన ఫొటోలు కొన్ని జత చేస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీరు పంపిన ఫొటోల గురించి చెబుతాను. నా సలహా అంతా వాటి మీదే ఆధారపడింది.

పెంచలకోన జలపాతం ఫొటో బాగా రాలేదు. నడినెత్తిన ఎండ ఉన్న వేళ తీసింది. నీటిధార మొత్తం సున్నం కొట్టినట్టు తెల్లగా పోయింది, పక్కనున్న రాయి నల్లగా ముద్దయిపోయింది. ఆ వేళకు అక్కడికి వెళ్లిన భక్తులందరి ఫోనుల్లోనూ అదే ఫొటో ఉంటుంది. సోమశిల ఫొటోలు మాత్రం వేరు. ఒకే చోట నిలబడి వరసగా మూడు తీసింది. మొదటిదాంట్లో నీటి మీద అలలు ఉన్నాయి, కొండ నీడ చెదిరిపోయింది. రెండోదాంట్లో కొంత కుదురుకుంది. మూడోదాంట్లో నీరు నిలిచిపోయి వెలిగొండల వరస తలకిందులుగా పూర్తిగా కనిపిస్తోంది. ఒడ్డున బోర్లించిన పుట్టి మొదటి ఫొటోలో కొండ నీడకు అడ్డం వచ్చింది. మూడోదానికి వచ్చేసరికి తను నాలుగడుగులు పక్కకు జరిగింది, పుట్టి కింది మూలకు వెళ్లిపోయింది. గాలి ఆగేదాకా ఆగాలనీ, ఏది ఎక్కడ ఉంటే కంటికి ఇబ్బంది ఉండదో చూసుకోవాలనీ ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు కదా! నేను ఈ అభిలాషను గట్టిగా పట్టించుకుంటున్నది ఆ మూడు ఫొటోల వల్లే.

ఇక మీ అసలు ప్రశ్నకు వద్దాం. కేవలం కొండల, జలపాతాల ఫొటోలు అమ్ముకుని ఇల్లు నడుపుకుంటున్నవాళ్లు మన దేశంలో చాలా తక్కువ. ఈ మాట మీ అమ్మాయికి మీరు చెబితే అడ్డుపడుతున్నారనుకుంటుంది కాబట్టి నేనే చెబుతున్నాను. అమెరికాలో యోసెమిటీ లోయ కొండలను, జలపాతాలను తీసి ప్రపంచమంతా పేరు పొందిన ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) కూడా చాలా ఏళ్లపాటు కంపెనీలకు వ్యాపార ఫొటోలు తీసిపెట్టే సంసారం నెట్టుకొచ్చాడు. మన దగ్గర రాజా దీన్‌దయాళ్ (1844–1905) రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, ఆ ఉద్యోగంలో ఉంటూనే కెమెరా పట్టాడు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయింది ఆ తర్వాతే. కాబట్టి తిండి పెట్టే పని ఒకటి పక్కన ఉండటం వల్ల ఈ కళకు చిన్నతనం రాదని అమ్మాయికి చెప్పండి.

ఆ తిండి పెట్టే పని ఏమిటి? మీ చుట్టూ చూడండి. తీరం వెంట రొయ్యల చెరువులు, కృష్ణపట్నం ఓడరేవు, ఉత్తరాన ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, అక్కడక్కడా సోలార్ ప్లాంట్లు. వీళ్లందరికీ తమ స్థలం, తమ పని చూపించే ఫొటోలు, వీడియోలు ఏటా కావాలి. హోటళ్లకు, రిసార్టులకు గోడల మీదికి, ప్రచారానికి కావాలి. ఆరుబయట వెలుతురు ఎప్పుడు ఎలా పడుతుందో తెలిసిన ఫొటోగ్రాఫర్‌కు ఈ పనులు దొరుకుతాయి. పెళ్లిళ్లనూ తీసిపారేయవద్దు. ఈ రోజుల్లో పెళ్లికి ముందు జంటలు ఫొటోల కోసం మైపాడు బీచ్‌కు, ఉదయగిరి కోటకు, జలాశయాల ఒడ్డుకు వెళ్తున్నారు. అక్కడ మనుషుల వెనక ఉన్న సముద్రాన్నీ కొండనూ సరిగ్గా పట్టగలిగితేనే ఆ ఫొటోకు అందం. కాబట్టి పెళ్లిళ్లూ ప్రకృతీ వేర్వేరు దారులని మీ ఇంట్లో వాదించుకోనవసరం లేదు. మొదటి నాలుగైదేళ్లు సంపాదన పెళ్లిళ్ల నుంచీ వ్యాపార పనుల నుంచీ వస్తుంది. కొండలకు వెళ్లే ఖర్చు దాంట్లోంచే తీసుకోవాలి. దీనికి సిద్ధమేనా అని అమ్మాయిని నేరుగా అడగండి. సిద్ధమంటే ముందుకు వెళ్లవచ్చు. పెళ్లిళ్లు నా స్థాయికి తగవు అంటే మాత్రం ఇంజినీరింగ్‌లోనే చేర్చండి, ఫొటోలు సెలవుల్లో తీసుకుంటుంది.

చదువు సంగతి. ఇంటర్ తర్వాత ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) డిగ్రీ ఉంది. మీకు దగ్గరలో ఉన్నది కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. ప్రవేశానికి ఏడీసెట్ అనే ఆర్ట్, డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ ఈ డిగ్రీ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష వేరు. సీట్లు, ఫీజులు, స్థానికత నిబంధనలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోకుండా నిర్ణయించుకోవద్దు. మరో దారి, ఏదైనా డిగ్రీ పూర్తిచేసి, గాంధీనగర్‌లోని ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్ అనే పీజీ చేయడం. అక్కడ సీటు తేలిక కాదు. అయితే మీ అమ్మాయి ఇంజినీరింగ్ చదివినా ఆ తలుపు మూసుకుపోదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

నా సలహా, ఈ ఏడాది ఏడీసెట్, ఈఏపీసెట్ రెండూ రాయించండి. ఎంపీసీ చదివిన పిల్లకు ఇంకో దారీ ఉంది. నేల, నీరు, కొండలను ఉపగ్రహ చిత్రాల ద్వారా చదివే రిమోట్ సెన్సింగ్ రంగం. హైదరాబాద్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది. ఇస్రోకే చెందిన డెహ్రాడూన్ సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా కోర్సులు నడుపుతుంది. ఒకటి విని చూడమనండి. నచ్చితే ఇంజినీరింగ్ మీద ఆ విముఖత కొంత తగ్గవచ్చు.

కెమెరాకు లక్షన్నర ఇప్పుడు పెట్టవద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. నిమ్మకాయ ధర ఏ వారం ఎలా ఉంటుందో తెలియని ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. పైగా మీ అమ్మాయి ఫొటోల్లో ఉన్న లోపాలను ఖరీదైన కెమెరా తీర్చదు. ముందు ఒక గట్టి ట్రైపాడ్, ఫోను బిగించే క్లిప్పు కొనిపెట్టండి. ఆమె ఫోనులో ప్రో మోడ్ ఉంటే షట్టర్ వేగాన్ని, అంటే కెమెరాలోకి వెలుతురు ఎంతసేపు రావాలో చేత్తో మార్చుకోవచ్చు. వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ అంకెను 100కి తగ్గించి, షట్టర్‌ను అర సెకను తెరిచి ఉంచితే పారే నీరు పట్టుదారాల్లా వస్తుంది. సెకనులో 500వ వంతు పెడితే చినుకు చినుకూ విడివిడిగా ఆగిపోతుంది. ఒకే ధారను రెండు రకాలుగానూ తీసి పక్కపక్కన పెట్టుకుని చూడమనండి. ఎంత నీరు పడుతోందో, ఎంత ఎత్తు నుంచి పడుతోందో దాన్ని బట్టి ఏది నప్పుతుందో తనకే తెలుస్తుంది. సన్నటి ధారకు నెమ్మది షట్టర్ అందం. వరద నీటిని అలా తీస్తే దాని ఉరుకు పోతుంది. నా ఇష్టం మాత్రం మధ్యస్థంగా, సెకనులో ఎనిమిదో వంతు దగ్గర. నీటి నడక కనిపిస్తుంది, బలమూ తెలుస్తుంది.

ఒక ఏడాది ఇలా సాధన చేశాక, ఇంకా ఆసక్తి నిలిస్తే, మామూలు లెన్సుతో ఒక పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా కొనండి. పాతిక వేల లోపే దొరుకుతుంది. దానితో పాటు పోలరైజర్ ఫిల్టర్ ఒకటి. తడిసిన రాళ్ల మీద, ఆకుల మీద తళతళలాడే మెరుపును అది తీసేస్తుంది, రాయి అసలు రంగు, నాచు పచ్చదనం బయటికి వస్తాయి. దాన్ని లెన్సు మీద తిప్పుతూ చూడాలి. ఒక కోణంలో నీటి అడుగున ఉన్న గులకరాళ్లు కూడా కనిపిస్తాయి. జలపాతం తుంపర లెన్సు మీద పడుతూనే ఉంటుంది కాబట్టి మెత్తటి పొడిగుడ్డలు రెండు మూడు జేబులో ఉండాలి.

ఇక ఎక్కడ, ఎప్పుడు తీయాలి అన్నది. మీ జిల్లాకు ఉన్న అదృష్టం ఇక్కడే ఉంది, దాన్ని అమ్మాయి ఇంకా పూర్తిగా వాడుకోలేదనిపిస్తోంది. రాష్ట్రంలో చాలా చోట్ల జలపాతాలు జులై, ఆగస్టుల్లో ఉరుకుతాయి. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది. మిగతావాళ్ల వాగులు సన్నబడే వేళకు మీ కోనలు నిండుతాయి. కార్తీకంలో పెంచలకోనకు వెళ్లండి. అది వెలిగొండలకు తూర్పు పక్కన ఉన్న కోన కాబట్టి పొద్దు పడమటికి వాలగానే కొండ నీడ దిగుతుంది. జలపాతానికి ఆ నీడే కావాలి. నీటికీ రాతికీ మధ్య వెలుగు తేడా తగ్గి, నెమ్మది షట్టర్‌కు వీలవుతుంది. మబ్బు పట్టిన రోజైతే పగలంతా తీయవచ్చు. ఉదయగిరి దాటి సీతారామపురం మీదుగా భైరవకోన వెళ్తే అక్కడ జలపాతం పక్కనే కొండరాతిలో తొలిచిన గుహాలయాలు ఉన్నాయి. నీరు, రాయి, మనిషి చేతి పని మూడూ ఒకే చోట దొరికే అలాంటి తావులు తక్కువ.

సోమశిల వేరే పాఠం. పెన్నా వెలిగొండలను దాటే చోట కట్టిన జలాశయం అది, 78 టీఎంసీల నీరు పడుతుంది. ఆనకట్ట వైపు నుంచి పడమటికి చూస్తే, ఉదయం పూట వెనక నుంచి వచ్చే ఎండ కొండల ముఖం మీద పడి రంగులు తేలుతాయి. సాయంత్రం అవే కొండలు నల్లటి అంచులుగా మిగిలి వాటి వెనక ఆకాశం కాలుతుంది. సూర్యోదయం నీటిలోంచి రావాలంటే మైపాడు వెళ్లాలి. కొంచెం దూరమైనా వీలు చేసుకుని ఒకసారి కంభం చెరువు చూపించండి. విజయనగర కాలంలో కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టినది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్ట మీద నడుస్తూ అదే నీటిని పది చోట్ల నుంచి తీస్తే, నిలబడే చోటు మారితే ఫొటో ఎంత మారుతుందో తెలుస్తుంది.

మీ భయం గురించి. అది న్యాయమైన భయం, మగపిల్లవాడి తల్లి అడిగినా నేను ఇదే చెప్పేదాన్ని. ఒంటరిగా పంపవద్దు. మీరో, వాళ్ల నాన్నో, పెదనాన్న కొడుకో తోడు వెళ్లండి. అసలు ప్రమాదం నీటితోనే. కోనలో ఎండ కాస్తున్నా పైన కొండల మీద వాన పడితే వాగు నిమిషాల్లో లేస్తుంది. నీరు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా ట్రైపాడ్ వదిలేసైనా గట్టెక్కాలి. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టకూడదు. జలాశయం గేట్లు ఎత్తిన రోజుల్లో ఆనకట్ట దిగువకు పోనే పోకూడదు.

పెంచలకోన చుట్టుపక్కల అడవి అభయారణ్యం. గుడికి వెళ్లే దారి దాటి లోపలికి వెళ్లి ఫొటోలు తీయాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఫొటోగ్రఫీకి అనుమతి పత్రం ఇచ్చే వీలు ఉంది, కాబట్టి దొంగతనంగా వెళ్లాల్సిన పని లేదు. డ్రోన్ మాట కూడా త్వరలో వస్తుంది మీ ఇంట్లో. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములకు మించిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొంది తీసుకోవచ్చు. ఆక్వా, క్వారీల పనికి ఈ సర్టిఫికెట్ బాగా అక్కరకొస్తుంది, డిగ్రీ చదువుతూ చేయదగినది. ఎగరేసే ముందు, డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. మీకు ఒక పక్క ఓడరేవు, దక్షిణాన శ్రీహరికోట ఉన్నాయని మరవకండి.

హక్కుల విషయం పిల్లలు పట్టించుకోరు, పెద్దవాళ్లు మీరు పట్టించుకోండి. తనంతట తాను తీసిన ఫొటో మీద హక్కు తనదే. కాపీరైట్ చట్టం ప్రకారం అది తీసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత వాళ్లు పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు ఉంటుంది. డబ్బు తీసుకుని ఎవరి కోసమైనా తీస్తే, వేరే ఒప్పందం రాసుకోకపోతే ఆ ఫొటో హక్కు డబ్బిచ్చినవాళ్లది. అందుకని మొదటి పని నుంచే ఒక పేజీ ఒప్పందం అలవాటు చేయండి. పోటీలకు పంపేటప్పుడు నిబంధనలు చదవాలి. పంపిన ఫొటోలన్నిటినీ ఎప్పటికీ వాడుకుంటామని రాసే పోటీలు ఉన్నాయి. అలాంటివాటికి మంచి ఫొటో ఇవ్వవద్దు.

రెండు పరీక్షల దరఖాస్తు తేదీలు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ఈ వానాకాలంలో తీసినవాటిలోంచి పన్నెండు మాత్రమే ఎంచమని అమ్మాయికి చెప్పండి. ప్రతిదానికీ చోటు, తేదీ, వేళ, షట్టర్ వేగం రాసి, అదే చోట తీసి పక్కన పడేసినవి ఏమిటో, ఎందుకు పడేసిందో కూడా రెండు వాక్యాలు రాయాలి. సంక్రాంతి తర్వాత నాకు పంపండి, కూర్చుని చూస్తాను. కడప, ఇంజినీరింగ్ రెండిటిలో ఏది అన్నది అప్పుడు తేల్చుకుందాం.