మైగ్రేన్‌కి అయస్కాంత బ్యాండ్: పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం ఎలా?

బ్యాండ్ పెట్టుకున్న రెండు వారాల్లో తలనొప్పులు తగ్గాయి, నమ్మొచ్చా అని అడిగారు. రెండు వారాల్లో తేలదండీ. నొప్పి బాగా ముదిరినప్పుడే ఎవరైనా కొత్త వైద్యం మొదలుపెడతారు. ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదల బ్యాండ్ ఖాతాలో పడిపోతుంది.

ముందు బ్యాండ్ తీసేసి 28 రోజులు డైరీ రాయండి: నొప్పి మొదలైన టైము, ఎంతసేపుంది, 10కి తీవ్రత ఎంత, ఏ మాత్ర వేసుకున్నారు, నిద్ర, నెలసరి. తర్వాత 12 వారాలు పెట్టుకుని అదే డైరీ. ఈలోగా నివారణ మందులు మారితే లెక్క చెడినట్టే. పోల్చాల్సింది నెలలో నొప్పి ఉన్న రోజుల్ని. మాత్రలు వేసుకున్న రోజులూ విడిగా రాయండి, ఇది చాలా ముఖ్యం: ట్రిప్టాన్లు (మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే మాత్రలు) నెలకు 10 రోజులు, పారాసిటమాల్ 15 రోజులు చొప్పున నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి.

ఇంకో మాట. బ్యాండ్‌లోది స్థిర అయస్కాంతం, అంటే దాని బలం మారదు, కాబట్టి అది మెదడులో కరెంటు పుట్టించలేదు. మైగ్రేన్‌కి అమెరికాలో అనుమతి పొందిన అయస్కాంత పరికరం వేరు. దాన్ని తల వెనక ఆనించి నొక్కితే మిల్లీసెకను కూడా ఉండని అయస్కాంత పల్స్ వస్తుంది, బలం 0.9 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత). నొప్పి రాకుండా ఆపుతుందా అని చూసిన పరీక్షలో పొద్దున 4 పల్స్‌లు, సాయంత్రం 4 పల్స్‌లు ఇచ్చారు: ప్రతిసారీ ముందు రెండు, 15 నిమిషాలు ఆగి మరో రెండు. పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం), తలలో మెటల్ క్లిప్పులు ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు ఈ పరికరం జోలికి వెళ్లకూడదు.